టన్ను దాణాకు ఎంత పసుపు? బ్రాయిలర్ షెడ్డులో మూలికల లెక్క

వాట్సాప్‌లో తిరిగే కోళ్ల చిట్కాల్లో అన్నీ ఉంటాయి, కొలత తప్ప. గుప్పెడు వేపాకు, కాస్త పసుపు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు నూరి నీళ్లలో కలపమంటారు. ఎన్ని కోళ్లకు, ఏ వయసుకు, ఎన్ని లీటర్లకు అన్నది ఎవరూ రాయరు. పెరట్లో పది నాటుకోళ్లకు గుప్పెడు లెక్క చెల్లుతుంది. ఐదు వేల బ్రాయిలర్లున్న షెడ్డులో చెల్లదు. అక్కడ 35 రోజుల్లో దాదాపు 16 టన్నుల దాణా లేస్తుంది. టన్నుకు వెయ్యి రూపాయలు అదనంగా పెడితే బ్యాచ్ మీద 16 వేలు. ఆ 16 వేలు తిరిగి వచ్చాయో లేదో తేల్చుకునే పద్ధతి లేకుండా మూలికల జోలికి పోకపోవడమే మేలు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. మూలికలు పనిచేసేది ప్రధానంగా పేగులో. పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేసింది. మన దేశంలో 2019 జులైలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకుండా నిషేధించారు. ఆ యాంటీబయాటిక్స్ తక్కువ మోతాదులో చేసిన పని పేగులో చెడ్డ బాక్టీరియాను అదుపులో ఉంచడం. వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్, వెల్లుల్లిలోని అల్లిసిన్ లాంటివి ఆ పనిలో కొంత భాగం చేస్తాయి. పసుపు లాంటివి పేగు గోడ వాపును తగ్గిస్తాయి, ఘాటు దినుసులు జీర్ణరసాల ఊటను పెంచుతాయి. పేగు బాగుంటే తిన్నది ఒంటికి పడుతుంది, రెట్ట గట్టిగా వస్తుంది, లిట్టర్ (నేల మీద పరిచిన ఊక) పొడిగా ఉంటుంది.

అంతవరకే. రాణిఖేత్ (కొక్కెర) గానీ గంబోరో గానీ, ఈ వైరస్ జబ్బులు మూలికలతో ఆగవు. వాటికి టీకానే. రక్తపు రెట్ట మొదలయ్యాక వెల్లుల్లి నీళ్లు పోస్తూ కూర్చుంటే రెండు రోజుల్లో కోళ్లు కుప్పలు పడతాయి. దాణాలో కాక్సీ (రక్తపు రెట్ట తెచ్చే పరాన్నజీవి జబ్బు) మందు తీసేసి ఆ స్థానంలో వేపాకు పెట్టమని చెప్పేవాళ్లున్నారు. వర్షాకాలంలో, తడి ఊక మీద, ఆ సలహా పాటించిన షెడ్డులో 18 నుంచి 28 రోజుల మధ్య ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. కాక్సీ పట్టుకుంటే డాక్టరు రాసిన మందే వాడాలి. ఆంప్రోలియం రాస్తే మాత్రం ఆ రోజుల్లో బీ కాంప్లెక్స్ టానిక్ ఆపండి. ఆ మందు పరాన్నజీవికి బీ1 విటమిన్ అందకుండా చేసే పనిచేస్తుంది కాబట్టి, మనమే బీ1 పోస్తే మందు వృథా.

పసుపు

మన దగ్గర చవకగా, నమ్మకంగా దొరికే దినుసు ఇదే. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లు పక్కనే ఉన్నాయి. మోతాదు టన్ను దాణాకు 5 కిలోలు, అంటే క్వింటాకు అర కిలో. రెండున్నర కిలోల కంటే తక్కువ వేస్తే తేడా పట్టుకోవడం కష్టం. పది కిలోలు దాటితే ఖర్చే గానీ లాభం పెరగదు, ఒక్కోసారి మేత తినడం తగ్గుతుంది.

ఐదు కిలోలే ఎందుకు? పనిచేసేది పసుపు కాదు, అందులోని కుర్కుమిన్. మన ప్రాంతపు రకాల్లో అది సాధారణంగా 2 నుంచి 4 శాతం ఉంటుంది. మధ్యస్థంగా 3 శాతం అనుకుంటే 5 కిలోల్లో 150 గ్రాములు. టన్నుకు 100 నుంచి 200 గ్రాముల కుర్కుమిన్ అందాలన్నది గురి. కుర్కుమిన్ 2 శాతమే ఉన్న సరుకైతే 5 కిలోలకు 100 గ్రాములే వస్తుంది. అదే మేఘాలయ లకడాంగ్ పసుపులో 6, 7 శాతం దాకా ఉంటుంది, కిలోలు తగ్గించుకోవచ్చు. కొనేటప్పుడు కుర్కుమిన్ శాతం అడగండి. చెప్పలేని వ్యాపారి దగ్గర పొడి కొనకండి, కొమ్ములు కొని ఆడించుకోండి. పొడిలో బియ్యప్పిండి, రంగు కలిసే అవకాశం ఎక్కువ. మెటానిల్ ఎల్లో రంగు కలిసిన పసుపు కోడి లివర్‌కు మేలు చేయదు సరికదా అదనపు భారం. కొమ్ములు పాలిష్ పట్టినప్పుడు రాలే పొట్టు చవకగా వస్తుందని కొందరు తెస్తారు. అందులో సగం మట్టి.

కుర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పేగులోంచి రక్తంలోకి చేరేది కూడా చాలా తక్కువ. అందుకే రెండు జాగ్రత్తలు. ఒకటి, పసుపును నీళ్లలో కాకుండా నూనె కలిసే దాణాలో ఇవ్వాలి. రెండు, టన్నుకు పావు కిలో మిరియాల పొడి తోడు వేయాలి. మిరియాల్లోని పైపరిన్ కుర్కుమిన్‌ను రక్తంలోకి ఎక్కువగా చేరనిస్తుంది. అదే పైపరిన్ మందులను కూడా ఎక్కువగా చేరనిస్తుంది కాబట్టి, డాక్టరు ఏదైనా మందు రాసిన రోజుల్లో మిరియాలు ఆపేయండి.

పసుపు వేస్తే కాళ్లు, చర్మం పచ్చగా నిగనిగలాడతాయని ఒక నమ్మకం ఉంది. ఆ రంగు ప్రధానంగా మొక్కజొన్నలోని జాంతోఫిల్ నుంచి వస్తుంది. మొక్కజొన్న తగ్గించి నూకలు, జొన్నలు పెంచిన దాణాలో ఎంత పసుపు పోసినా కాళ్లు పాలిపోయే ఉంటాయి. రెట్ట మాత్రం పసుపు రంగులో వస్తుంది, దాన్ని చూసి జబ్బని కంగారు పడొద్దు.

వెల్లుల్లి, వాము

వెల్లుల్లి రెబ్బలో అల్లిసిన్ ఉండదు. రెబ్బను నలిపినప్పుడు అందులోని ఎంజైమ్ తగిలి తయారవుతుంది. నలపకుండా ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, ఇక వాసనే తప్ప పని ఉండదు. కాబట్టి వెల్లుల్లిని ముందు ఉడకబెట్టి కషాయం చేయడం దండగ. దంచి పది నిమిషాలు వదిలేసి వాడాలి. దాణాకైతే సన్నగా తరిగి, ఎక్కువ వేడి తగలకుండా ఎండబెట్టి పొడి చేసింది టన్నుకు 3 నుంచి 5 కిలోలు. పచ్చి వెల్లుల్లి మూడు కిలోలకు ఎండిన పొడి ఒక కిలో వస్తుంది. ధర చూసుకున్నప్పుడు చాలామంది మరిచేది ఈ మూడింతల లెక్కనే.

వాము గురించి తక్కువ మాట్లాడతారు గానీ, ఇంటి దినుసుల్లో బాక్టీరియా మీద గట్టిగా పనిచేసేవాటిలో అదొకటి. గింజలో 2 నుంచి 4 శాతం నూనె, ఆ నూనెలో దాదాపు సగం థైమాల్. టన్నుకు 3 కిలోల వాము వేస్తే సుమారు 45 గ్రాముల థైమాల్ పడుతుంది. ఇబ్బందల్లా నూనె ఎగిరిపోవడం. ఆడించిన వాము పొడిని గోనెసంచిలో నెల ఉంచితే మిగిలేది పొట్టే. గింజగా నిలవ ఉంచి, దాణా ఆడించే రోజునే పొడి చేసుకోవాలి. పల్వరైజర్ వేడెక్కితే నూనె అక్కడే పోతుంది. తెల్లవారుజామున, ఐదారు కిలోల చొప్పున, మధ్యలో మిషన్‌ను చల్లారనిస్తూ ఆడించండి. కొంచెం మొక్కజొన్న కలిపి ఆడిస్తే జల్లెడకు అంటుకోదు.

చేదు దినుసులు

కోడికి మిరప ఘాటు తెలియదు. పక్షుల నోటిలో ఆ మంటను పట్టుకునే భాగం మనలా స్పందించదు, అందుకే చిలక పచ్చిమిరపకాయను హాయిగా కొరుకుతుంది. చేదు మాత్రం కోడికి బాగా తెలుస్తుంది. వేపాకు, నేలవేము, మెంతులు విషయంలో జరిగే పొరపాట్లన్నీ ఇక్కడి నుంచే. వేపాకు పొడి టన్నుకు 2 కిలోల దగ్గర మొదలుపెట్టండి, 5 కిలోలు దాటొద్దు. నేలవేము ఒకటి, రెండు కిలోలు చాలు. దాటితే కోడి మేత తగ్గిస్తుంది, తూకం పడిపోతుంది. పైకి జబ్బేమీ కనబడదు, ఫీడర్‌లో దాణా మిగులుతుంది. వేప పిండి (చెక్క) దాణాలోకి అసలు వద్దు.

మెంతుల్లో చేదుతో పాటు జిగురు కూడా ఉంది. గోరుచిక్కుడు గింజల పిండి వేసిన దాణాకు రెట్ట ఎలా బంకగా వస్తుందో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రెండింట్లోనూ ఉండేది ఒకే జాతి పీచు. టన్నుకు 5 కిలోల వరకు ఫరవాలేదు, 10 దాటితే లిట్టర్ తడిసి, కాళ్ల పాదాలు పుండ్లు పడి, పేగు బాగుచేయబోయి షెడ్డంతా పాడుచేసుకున్నట్టవుతుంది.

మునగాకు ఈ వరుసలోది కాదు. అది మందు కాదు, మేత. ఎండు మునగాకులో ప్రొటీన్ పాతిక శాతం దాకా ఉంటుంది, టన్నుకు 25 కిలోల వరకు ధైర్యంగా వేసుకోవచ్చు. 50 దాటితే పీచు ఎక్కువై శక్తి తగ్గుతుంది. అయితే పచ్చి ఆకు ఐదు కిలోలకు పొడి కిలో కూడా చెప్పలేం. సొంత చెట్లు, ఖాళీగా ఉన్న చేతులు ఉంటే తప్ప కొని వేస్తే గిట్టదు. ఇక్కడే ఇంకో పొరపాటు: పుస్తకాల్లో, పరిశోధనల్లో రాసే మోతాదులు ఎండు పొడికి. తులసి 3 కిలోలు అని చదివి మూడు కిలోల పచ్చి ఆకు వేస్తే పడేది అర కిలో.

ఎండాకాలానికి ఉసిరి

ఏప్రిల్, మే నెలల్లో షెడ్డు లోపల 40 డిగ్రీలు దాటితే కోడి నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి రక్తంలో క్షారం పెరుగుతుంది. ఒంట్లో తయారయ్యే విటమిన్ సి చాలదు. ఎండు ఉసిరి పొడి టన్నుకు 5 కిలోలు ఇక్కడ ఉపయోగపడుతుంది. ఎర్రటి ఎండలో నల్లబడేదాకా ఆరేసిన ఉసిరిలో విటమిన్ సి చాలావరకు పోయి ఉంటుంది. నీడలో ఆరబెట్టింది కావాలి. ఎంత ఉందో ఖాయంగా చెప్పలేని దినుసు కాబట్టి వడగాడ్పుల వారంలో ఉసిరినే నమ్ముకోకుండా, మామూలు విటమిన్ సి టన్నుకు 200 నుంచి 250 గ్రాములు, తినే సోడా 2 కిలోల చొప్పున వేసుకోండి. సోడా వేస్తే ఉప్పు లెక్క మళ్లీ చూసుకోవాలి, సోడియం రెండింటి నుంచీ వస్తుంది.

అంతకంటే ముఖ్యం, పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగైదింటి దాకా ఫీడర్లు పైకెత్తడం, తెల్లవారుజామున నాలుగింటికే లైటు వేసి మేత పెట్టడం. పైకప్పు మీద గడ్డి, స్ప్రింక్లర్ లేని రేకుల షెడ్డులో ఉసిరి ఏం చేస్తుంది?

ఆరబెట్టడం, బూజు

మూలికలతో వచ్చే నష్టాల్లో పెద్దది మూలిక వల్ల కాదు, దాని మీది బూజు వల్ల. మొక్కజొన్న తేమ చూసి కొనే రైతే తులసి ఆకు మూట తేమ చూడడు. దాణాలో బూజు విషమైన అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదు. సరిగా ఆరని ఆకు, ముక్కిన వెల్లుల్లి, పాత మిరప పొడి ఆ పరిమితిని మనకు తెలియకుండానే దాటిస్తాయి. అప్పుడు లివర్‌కు మంచిదని వేసిన పొడే లివర్‌ను దెబ్బతీస్తుంది.

ఆకులను కడిగి, నీరు వార్చి, నీడలో అంగుళం మందాన పరిచి, రోజుకు రెండు మూడుసార్లు తిప్పండి. చేత్తో నలిపితే వేళ్ల మధ్య చిటపటమని పొడి కావాలి. వంగి నలిగితే ఇంకా తేమ ఉన్నట్టే. పది శాతం లోపు తేమ గురి. పొడి చేశాక మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డ్రమ్ములో, రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే పెట్టుకోండి. కోలిన్ క్లోరైడ్ సంచి పక్కన, దానితో కలిపిన ప్రీమిక్స్‌లో (దాణాలో వేసే విటమిన్ల మిశ్రమంలో) ఉంచకండి. అది గాలిలోని తేమను లాగుతుంది, పక్కనున్నవన్నీ గడ్డకడతాయి.

కలపడం

టన్ను దాణాలో ఐదు కిలోల పొడిని ఒకేసారి పోస్తే మిక్సర్ ఎంత తిరిగినా ఒక మూల మేత పచ్చగా, ఇంకో మూల తెల్లగా ఉంటుంది. ముందు ఐదు కిలోల పొడికి ఐదు కిలోల మొక్కజొన్న పిండి కలపాలి. ఆ పదికి ఇంకో పది. ఆ ఇరవైకి ఇంకో ఇరవై. ఈ 40 కిలోలను సగం నిండిన మిక్సర్‌లో పోయాలి. నూనె అన్నిటికంటే చివర. నూనె పోశాక పొడి వేస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండ దొరికిన కోడి ఒక పూట మేత మానేస్తుంది. నిలువు మిక్సర్ అయితే 12 నుంచి 15 నిమిషాలు, అడ్డంగా రిబ్బన్ తిరిగే మిక్సర్ అయితే 5 నిమిషాలు.

సమంగా కలిసిందో లేదో చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. పదిచోట్ల నుంచి పిడికెడు చొప్పున దాణా తీసి, తెల్ల కాగితాల మీద పరిచి, సున్నపు తేట చిలకరించండి. పసుపు ఉన్నచోట పారాణి రంగు తిరుగుతుంది. పది కాగితాలూ ఒకేలా ఎర్రబడితే బాగా కలిసినట్టు. రెండు కాగితాలు ముదురుగా, నాలుగు పాలిపోయి ఉంటే ఇంకో ఐదు నిమిషాలు తిప్పండి.

మూలికల పొడిని దాణా మీద పైపైన అదనంగా వేయొద్దు, ఫార్ములాలో చోటు ఇవ్వాలి. ఐదు కిలోలకు పెద్ద తేడా రాదు. మునగాకు, వెల్లుల్లి, పసుపు అన్నీ కలిపి 30 కిలోలు పైన పోస్తే మాత్రం స్టార్టర్‌లో (తొలి దశ దాణాలో) ప్రొటీన్ కొంత దిగొచ్చు, శక్తి కిలోకు 3100 కిలోకేలరీల నుంచి 3050 దగ్గరకు వస్తుంది. ఆపైన తూకం తగ్గితే నేరం మూలికది కాదు. తౌడు లాంటిది ఉంటే దాన్ని అంత మేర తగ్గించండి, లేకపోతే ఒకటి రెండు కిలోల నూనె పెంచి, సోయా సర్దుకోండి.

పెల్లెట్ (ఆవిరితో ఒత్తి గుళికలు చేసిన దాణా) విషయం వేరు. పెల్లెట్ మిల్లులో ఆవిరి 75 నుంచి 85 డిగ్రీల దాకా వెళ్తుంది. వాము, లవంగం, తులసి లాంటి నూనె దినుసులు అక్కడ చాలా మటుకు ఎగిరిపోతాయి. పసుపు కొంత తట్టుకుంటుంది. అందుకే కంపెనీలు నూనెలకు పూత పూసిన గుళికలు అమ్ముతాయి, పెల్లెట్ దాణాకు అవే కావాలి. తయారైన పెల్లెట్ల మీద పొడి చల్లితే అది ఫీడర్ అడుగుకు జారుతుంది, కోడి పెల్లెట్లు ఏరుకుని తింటుంది. అంటుకోవడానికి బెల్లం నీళ్లు చల్లితే రెండో రోజుకే బూజు.

నీళ్లలో ఇవ్వడం

నాకు ఈ పద్ధతి మీద పెద్ద నమ్మకం లేదు. పసుపు కరగదు, నిపుల్‌లో (కోళ్లు నీళ్లు తాగే పైపు మొనలో) పేరుకుంటుంది. కషాయంలో ఎంత సారం దిగింది, ఒక్కో కోడికి ఎంత చేరింది అన్న లెక్క తేలదు. పైగా కషాయపు పిండి, చక్కెరలు పైపు లోపల జిగురు పొరగా పట్టి, ఈకోలై బాక్టీరియాకు ఇల్లు కట్టి ఇస్తాయి. అయినా ఇంటిగ్రేషన్‌లో (కంపెనీతో ఒప్పందం మీద) పెంచే రైతుకు వేరే దారి ఉండదు, దాణా కంపెనీది. అలాంటప్పుడు ముందు సూపర్‌వైజర్‌కు చెప్పండి. దాణాలో అప్పటికే ఏ కాక్సీ మందు, ఏ మూలికల ఉత్పత్తి ఉందో వాళ్లకు తెలుసు.

ఇచ్చేటట్టయితే తులసి, అల్లం లాంటి వడపోతకు లొంగేవి మాత్రమే. రెండు పొరల పలచటి గుడ్డలో వడకట్టి, నిపుల్ లైన్ కట్టేసి, జార్లలో పోయండి. వెయ్యి కోళ్లు 21వ రోజున మామూలు వాతావరణంలో 130 నుంచి 150 లీటర్లు తాగుతాయి, ఎండల్లో రెట్టింపవుతుంది. రోజు నీళ్లలో నాలుగో వంతుకే కషాయం కలిపి, పొద్దున్నే, మూడు గంటల్లో తాగేటట్టు పెట్టండి. మిగిలింది పారబోయండి. సాయంత్రం దాకా ఉంచితే పులుస్తుంది.

టీకా రోజులను క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా (రాణిఖేత్ టీకా), 12 నుంచి 14 మధ్య గంబోరో, 21 దగ్గర మళ్లీ లసోటా. ఇవి ఎక్కువగా నీళ్లలో ఇచ్చే బతికున్న వైరస్ టీకాలు. క్లోరిన్ ఎలా ఆపుతారో కషాయాలు కూడా ముందు రోజు, ఆ రోజు, మర్నాడు ఆపండి. ఘాటు నూనెలు టీకా నీళ్లలో ఉండకూడదు. పైపులను మంచినీళ్లతో బాగా కడిగాకే టీకా.

ఏ వయసులో

మొదటి పది రోజులు ఏమీ వద్దని నా అభిప్రాయం. మొదటి వారంలో పిల్ల తినేది 150 నుంచి 170 గ్రాములు. ఏడో రోజుకు 180, 200 గ్రాముల తూకం రావాలంటే మేత, నీళ్లు, వెచ్చదనం తప్ప మరేదీ అడ్డు రాకూడదు. బ్రూడింగ్ వేడి (తొలి రోజుల్లో పెట్టే వెచ్చదనం) తప్పిన పిల్లకు పసుపు వేసి లాభం లేదు. 11 నుంచి 28 రోజుల మధ్య మూలికలకు అసలైన పని. దాణా మారేది, కాక్సీ వచ్చేది, ఊక తడిసేది అప్పుడే.

గిట్టుబాటు

ధరలు రోజుకో రకం, కింది అంకెల స్థానంలో మీ ధరలు పెట్టుకోండి. దాణా కిలో 40 రూపాయలు, ఎఫ్‌సీఆర్ (కిలో తూకం పెరగడానికి తినే దాణా కిలోలు) 1.60 అనుకుందాం. కిలో కోడికి దాణా ఖర్చు 64 రూపాయలు. పసుపు పొడి కిలో 150 చొప్పున టన్నుకు 5 కిలోలంటే 750 రూపాయలు, దాణా 40.75 అవుతుంది. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే ఎఫ్‌సీఆర్ 1.57కు దిగాలి. అంటే మూడు పాయింట్లు (పాయింటంటే 0.01). సాధ్యమే.

ఇప్పుడు పసుపు 5, వెల్లుల్లి పొడి 3, వాము 2 కిలోలు, మిరియాలు పావు కిలో అన్నీ కలపండి. టన్నుకు సుమారు 2,200 దాకా అవుతుంది. మొదటి నుంచి చివరిదాకా వేస్తే ఎఫ్‌సీఆర్ ఎనిమిది పాయింట్లు తగ్గితేనే ఖర్చు సరి. ఎనిమిది పాయింట్లు మూలికలతో రావాలంటే ముందు షెడ్డు చాలా అధ్వానంగా ఉండి ఉండాలి. 11 నుంచి 28 రోజుల దాణాకే పరిమితం చేస్తే భారం ఐదు పాయింట్లకు తగ్గుతుంది. నాలుగైదు దినుసులు కలిపితే నాలుగైదింతల మేలనుకోవడమే ఈ పనిలో ఖరీదైన పొరపాటు. ఒక్కటి మొదలుపెట్టండి, అది పసుపైతే మంచిది.

తేలేది ఎలా? పోయిన బ్యాచ్‌తో పోల్చొద్దు, అప్పుడు పిల్ల వేరు, వాతావరణం వేరు. ఒకే బ్యాచ్‌లో, ఒకే షెడ్డులో మెష్ కట్టి నాలుగు గదులు చేయండి, గదికి నూరు పిల్లలు. ఒకటి, మూడు గదులకు మూలిక దాణా, రెండు, నాలుగుకు మామూలు దాణా. రెండే గదులు చేస్తే ఒకటి ఎండ తగిలే వైపు పడి లెక్క తప్పుతుంది. గదికి వేరుగా దాణా తూచి పోసి, మిగిలింది తూచి తీయండి. చచ్చిన కోడి తూకం కూడా రాయండి, అది తిన్న దాణా లెక్కలో ఉంది కదా. 21, 35 రోజుల్లో గదికి యాభై కోళ్లు, చేతికి అందినవి కాకుండా ఒక మూలను అడ్డుకట్టి అందులోవన్నీ తూచండి. మామూలు దాణా తిన్న రెండు గదుల మధ్యే నాలుగు పాయింట్ల తేడా కనబడితే, మూలిక గదుల్లో వచ్చిన మూడు పాయింట్లను పండగ చేసుకోవద్దు.

బతికిన శాతాన్ని సగటు తూకంతో గుణించి, రోజులు, ఎఫ్‌సీఆర్ గుణించగా వచ్చిన దానితో భాగించి, వందతో గుణిస్తే ఒక అంకె వస్తుంది. 96 శాతం, 2 కిలోలు, 35 రోజులు, 1.60 అయితే 343. గదుల మధ్య పోలికకు ఈ ఒక్క అంకె చాలు.

ప్యాకెట్ కొనేటప్పుడు

టన్నుకు 250 గ్రాములు, 500 గ్రాములు చొప్పున వాడమనే తయారీ ఉత్పత్తులు ఖరీదుగా కనబడినా, పెల్లెట్ దాణాకు, పెద్ద షెడ్లకు అవే సులువు. ఆకుల పేర్లు పది రాసి ఏదెంతో రాయని ప్యాకెట్‌ను పక్కన పెట్టండి. ప్రధాన పదార్థం శాతం, బ్యాచ్ నంబరు, తేమ, అఫ్లటాక్సిన్ పరీక్ష, ఈ నాలుగూ అడగండి. తడి ఊక వాసన తగ్గించడానికి వచ్చే యక్కా మొక్క సారం టన్నుకు 100 నుంచి 125 గ్రాములు వేస్తారు. అమోనియా కళ్లు మండించే చలికాలపు షెడ్డులో, పరదాలు దించి ఉంచినప్పుడు, దానికి అర్థం ఉంది. ఒక రోజులో గురక మాయమయ్యే ‘హెర్బల్’ మందు ఎదురైతే అనుమానించండి. ఆకులు అంత తొందరగా పనిచేయవు, లోపల చెప్పనిదేదో ఉండొచ్చు.

లిఫ్టింగ్‌కు (కోళ్లను అమ్మకానికి ఎత్తడానికి) ఐదు రోజుల ముందు వెల్లుల్లి, వాము ఆపేయండి, ఎక్కువ మోతాదులో వాడినప్పుడు మాంసానికి వాసన పడుతుంది. పసుపును చివరి దాణాలో ఉంచినా ఇబ్బంది లేదు. డ్రమ్ములో మిగిలిన పొడిని వచ్చే బ్యాచ్‌కు దాచకండి. షెడ్డు ఖాళీగా ఉండే రెండు వారాలు, ఆ తర్వాత పదకొండో రోజు దాకా మరో పది రోజులు కలిపితే దాదాపు నెల అవుతుంది. అప్పటికి వాములో పొట్టు, వెల్లుల్లిలో గడ్డలు తప్ప ఏమీ ఉండవు.